ఊపిరాడని మంట

అమెరికాలో చలి ఎముకలు కొరికే మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్, న్యూయార్క్ ఉత్తర ప్రాంతం వంటి చోట్ల, పల్లెటూళ్లలో ఇళ్ల వెనక చిన్న రేకుల కొట్టం లాంటిది ఒకటి కనిపిస్తుంది. ముందు బరువైన ఇనప తలుపు, పైన పొట్టి పొగగొట్టం. లోపల మంట, ఆ మంట చుట్టూ నీళ్లు. కాగిన నీళ్లు భూమిలో పాతిన గొట్టాల ద్వారా ఇంట్లోకి వెళ్లి, గదులను వెచ్చబరిచి, చల్లారి వెనక్కి వస్తాయి. దీన్ని ఔట్‌డోర్ వుడ్ ఫర్నేసు అంటారు. కంపెనీ సరుకు వేల డాలర్లు పలుకుతుంది కాబట్టి వెల్డింగ్ చేతనైనవాళ్లు పాత ప్రొపేన్ ట్యాంకులు, పావంగుళం మందం ఇనప పలకలు తెచ్చుకుని సొంతంగా చేసుకుంటారు. చేతిపని విలువ తెలిసినవాళ్లెవరూ ఈ ప్రయత్నాన్ని చిన్నచూపు చూడరు. అయినా ఇలా తయారయ్యే ఫర్నేసుల్లో ఎక్కువ భాగం కట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. తప్పు కట్టెది కాదు, కట్టుకునే మనిషిదీ కాదు. ఇంటికి వేడి అవసరం పడేదాకా మంటకు గాలి అందకుండా ఆపి ఉంచే పద్ధతిది. ఆ పద్ధతి మార్చుకుంటే కట్టెతో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం ఇప్పటికీ సాధ్యమే. మార్చుకోకపోతే, అతుకు ఎంత గట్టిగా వేసినా ఊరికి పొగ తప్పదు.

ముందు దీన్ని కోరుకునేవాళ్ల వైపు నుంచి చూడాలి. ఇంట్లో పెట్టుకునే కట్టెల పొయ్యితో బూడిద, బెరడు, పురుగులు అన్నీ లోపలికి వస్తాయి. పొగగొట్టంలో పేరుకున్న మసి అంటుకుంటే కొంపే కాలిపోతుంది. ఫర్నేసు ఆరుబయట ఉంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. ఒకే మంటతో ఇల్లు, పక్కన షెడ్డు, స్నానాల నీళ్లు అన్నీ వేడెక్కుతాయి. దుంగలు సన్నగా చీల్చే పని లేదు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నింపితే చాలు. సొంత చెట్లున్నవాళ్లకు ఇంధనం దాదాపు ఉచితం. సహజవాయువు గొట్టాలు రాని పల్లెల్లో చమురుకో ప్రొపేన్‌కో ప్రతి చలికాలం పెట్టే ఖర్చుతో పోల్చి చూస్తే దీని ఆకర్షణ ఎంతటిదో తెలుస్తుంది. ఇవన్నీ నిజమైన కారణాలే. అందుకే పొగ గురించి మాట్లాడేవాళ్లు అక్కడివాళ్లను మూర్ఖులన్నట్టు మాట్లాడితే ఎవరూ వినరు, వినాల్సిన పని కూడా లేదు.

అసలు చిక్కంతా కట్టె మండే తీరులో ఉంది. మన కంటికి కట్టె మండుతున్నట్టు కనిపిస్తుంది గాని, నిజానికి మండేదాంట్లో ఎక్కువ భాగం కట్టె నుంచి వెలువడే వాయువులే. ఎండు కట్టెను వేడి చేస్తే దాని బరువులో సుమారు ముప్పాతిక వంతు వాయువులుగా, ఆవిర్లుగా బయటికి వస్తుంది, మిగతాది బొగ్గు. ఆ వాయువులు పూర్తిగా మండాలంటే దాదాపు 600 డిగ్రీల సెల్సియస్, ఆ పైన వేడి ఉండాలి, చాలినంత గాలి తగలాలి, రెండూ కలిసి మండడానికి కొంచెం వ్యవధి దొరకాలి. మామూలు ఫర్నేసులో మంట చుట్టూ ఉన్న ఇనప గోడకు అవతల 80 డిగ్రీల నీళ్లుంటాయి. ఆ గోడ ఎప్పటికీ నీళ్ల వేడిని మించి పెద్దగా పెరగదు. గోడను తాకిన వాయువు మండకముందే చల్లారిపోతుంది. దీనికి తోడు థర్మోస్టాట్. నీళ్లు కావలసినంత కాగగానే అది గాలి రెక్కను మూసేస్తుంది. లోపల పదులకొద్దీ కిలోల దుంగలు ఎర్రగా కాలుతున్నాయి, వాయువులు వస్తూనే ఉన్నాయి, మండడానికి గాలి మాత్రం లేదు. గంటల తరబడి అలా కుములుతాయి. మళ్లీ ఇంటికి వేడి కావలసివచ్చి రెక్క తెరుచుకోగానే, అంతసేపూ పోగైన పొగ పసుపు కలిసిన బూడిదరంగులో దట్టంగా గొట్టం నుంచి బయటపడి, పొట్టి గొట్టం కావడంతో నేలబారుగా పాకుతుంది. తలుపు తెరిచి చూస్తే లోపలి గోడలకు నల్లగా, నిగనిగలాడే తారు అట్ట కట్టి ఉంటుంది. ఆ తారంతా మండని ఇంధనమే. అందులోని ఆమ్లాలు ఇనుమును తినేస్తాయి కాబట్టి కొన్నేళ్లకే అతుకుల దగ్గర నీళ్లు కారడం మొదలవుతుంది. పక్కింటి ఊపిరితిత్తుల మాట అటుంచి, కట్టుకున్నవాడి ఇనుముకే ఈ పద్ధతి చేటు.

పచ్చి దుంగలైతే పరిస్థితి మరీ దారుణం. అప్పుడే కొట్టిన కట్టెలో దాదాపు సగం బరువు నీళ్లే. పది కిలోల పచ్చి కట్టె వేస్తే అందులో ఐదు కిలోల నీళ్లు ఆవిరై పోవడానికి దాదాపు 13 మెగాజౌళ్ల వేడి ఖర్చవుతుంది. మిగతా ఐదు కిలోల కట్టె మొత్తంగా ఇవ్వగలిగేది 90 మెగాజౌళ్ల పైచిలుకు. అంటే ఏడో వంతు నీళ్లు ఎగరగొట్టడానికే సరి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. ఆ ఆవిరి మంట వేడిని దించేస్తుంది, వాయువులు మండాల్సిన 600 డిగ్రీలు అందనే అందవు. ఈ ఫర్నేసులో ఏదైనా మండుతుందని గొప్పగా చెప్పుకోవడం వింటుంటాం. ఏదైనా పడుతుంది అనాలి. పడినదంతా మండదు.

తెలుగు పాఠకులకు ఈ యంత్రం కొత్తదేమీ కాదు. మన ఇళ్లలో స్నానాల నీళ్లకు వాడిన రాగి బాయిలర్‌ను గుర్తు చేసుకోండి. నడిమధ్య నిలువు గొట్టం, కింద కొబ్బరి డొక్కలు, చితుకులు, చుట్టూ నీళ్లు. ఇక్కడా నిప్పు చుట్టూ నీళ్లే, ఇక్కడా మొదట్లో పొగే. కానీ ఒక తేడా ఉంది. రాగి బాయిలర్‌లో మంటను ఆపి ఉంచేవాళ్లు లేరు. అంటించాక అది ధారాళంగా గాలి పీల్చుకుంటూ మండింది, ఇంటిల్లిపాది స్నానాలు కాగానే ఆరిపోయింది. పని ఉన్నంతసేపే నిప్పు, ఆ తర్వాత దాచుకున్నది వేడి నీళ్లను. అమెరికా పెరట్లోని ఫర్నేసు ఇందుకు తలకిందులు. అది వేడిని దాచదు, నిప్పును దాచాలని చూస్తుంది. నీళ్లలో వేడి దాగుతుంది. నిప్పు దాగదు, కుములుతుంది.

ఆ కుమిలే నిప్పు గాలికి ఏం చేస్తుందో చాలాకాలం ఎవరూ కొలవలేదు. 1988లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఇంట్లో వాడే కట్టెల పొయ్యిలకు పొగ పరిమితులు పెట్టినప్పుడు ఆరుబయటి ఫర్నేసులను ఆ లెక్కలోకి తీసుకోలేదు. మొదట మేలుకున్నది వెర్మాంట్. పక్కింటికి కనీసం 200 అడుగుల దూరం ఉండాలని 1997లోనే ఆ రాష్ట్రం నిబంధన పెట్టింది. 2006లో ఈశాన్య రాష్ట్రాల వాయు నాణ్యతా సంస్థ నెస్కామ్ లెక్క కట్టి చెప్పిన మాట గట్టిది: ఒక్క ఫర్నేసు వదిలే సన్నని ధూళి, ఈపీఏ ధ్రువీకరించిన 22 కట్టెల పొయ్యిలు, లేదా 205 చమురు ఫర్నేసులు వదిలేదానికి సమానం. సహజవాయువుతో పోలిస్తే ఆ సంఖ్య 8,000 దాకా వెళ్లింది. న్యూయార్క్ 2011లో కొత్త ఫర్నేసుకు 18 అడుగుల పొగగొట్టం, స్థలం హద్దుకు 100 అడుగుల దూరం తప్పనిసరి చేసింది. దేశమంతటికీ వర్తించే పరిమితి 2015లో గాని రాలేదు, అది 2020 మే నుంచి మరింత బిగిసింది. అయితే ఈ పరిమితుల బరువు ప్రధానంగా తయారుచేసి అమ్మే కంపెనీల మీద పడుతుంది. షెడ్డులో ఒకడు సొంతానికి అతికించుకున్న పెట్టెను ఏ ప్రయోగశాలా పరీక్షించదు. ఆ పెట్టె గుణం తేల్చాల్సింది కట్టినవాడి మనస్సాక్షి, పక్కింటివాడి దగ్గు.

మరి కట్టెను శుభ్రంగా మండించడం కుదరదా? కుదురుతుంది, ఆ సంగతి తేలి నలభై ఏళ్లు దాటింది. 1970ల చివర, చమురు ధరలు మండిపోతున్న రోజుల్లో, మెయిన్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు రిచర్డ్ హిల్ ఒక కట్టెల ఫర్నేసు రూపొందించాడు. అందులో మంట తగిలేది నీళ్ల గోడకు కాదు, వేడిని తట్టుకునే పింగాణీ జాతి గోడకు. ఫ్యాన్ బలంగా గాలి పంపుతుంది. మంట ఎర్రటి ఆ గదిలో పూర్తి వేడితో మండి ముగిశాకే వేడి వాయువులు నీళ్ల గొట్టాల దగ్గరికి వెళ్తాయి. నీళ్లు కాగాయని మంటను నొక్కడం ఉండదు. మిగులు వేడంతా పెద్ద తొట్టెలోకి పోతుంది, నిప్పు ఆరిపోయాక ఇల్లు ఆ తొట్టె నుంచి తనకు కావలసినంత తీసుకుంటుంది. ఫిన్లాండ్, రష్యా పల్లెల్లోని ఇటుక పొయ్యిల్లో తరతరాలుగా ఉన్న సూత్రమూ ఇదే. కాసేపు భగభగ మండే మంట, దాన్ని రోజంతా దాచుకునే బరువైన కట్టడం. ఇప్పుడు ఆస్ట్రియా, జర్మనీల్లో మంచి కట్టెల బాయిలర్ పెట్టేవాళ్లు పక్కనే నీళ్ల ట్యాంకు కూడా పెడతారు.

ఆ ట్యాంకు ఎంత పని చేస్తుందో లెక్క వేసి చూడండి. నాలుగు వేల లీటర్ల నీళ్లను 50 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు కాస్తే అందులో దాగే వేడి సుమారు 500 మెగాజౌళ్లు. కరెంటు బిల్లు భాషలో దాదాపు 140 యూనిట్లు. గంటకు ఆరు యూనిట్ల వేడి చాలే ఇంటికి అది ఇంచుమించు ఒక రోజు గడుపుతుంది. ఇందుకు కావలసింది అటూఇటుగా 45 కిలోల ఎండు కట్టె, మూడు నాలుగు గంటల నిండు మంట. మిగతా ఇరవై గంటలు నిప్పే లేదు, పొగ ఎక్కడిది? గడ్డకట్టే చలిలో ఇంటికి అంతకు రెండింతలు వేడి కావాలంటే రెండుసార్లు మండిస్తారు. ఇప్పుడు కూడా పొద్దునా సాయంత్రం దుంగలు నింపుతూనే ఉన్నారు కదా. వెల్డింగ్ చేతనైనవాడికి ట్యాంకు కట్టడం ఫర్నేసు కట్టడం కన్నా తేలిక. చేతకాక కాదు, దాని అవసరం ఎవరూ నొక్కి చెప్పక వదిలేస్తున్నారు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. డబ్బు లేకే కదా సొంతంగా కట్టుకునేది, ఇన్ని హంగులు పేదవాడెక్కడ తెస్తాడు? న్యాయమైన ప్రశ్న, తేలిగ్గా తీసేయడానికి వీల్లేదు. అగ్గి ఇటుకలు, ట్యాంకు, వేడి పోకుండా దాని చుట్టూ పొర, అన్నీ ఖర్చే. కానీ కుమిలే ఫర్నేసు కట్టెను రెండు చేతులా తింటుంది. ఆ అదనపు కట్టె కొట్టడం, మోయడం, పేర్చడం ఏళ్ల తరబడి ఒంటి మీద పడే చాకిరీ. చాలా ఇళ్లలో అసలు లోటు ఫర్నేసులో కాదు, వేడిని నిలబెట్టలేని గోడల్లో, పైకప్పులో, కిటికీ సందుల్లో ఉంటుంది. ఇంటికి కావలసిన వేడి సగానికి తగ్గితే ఫర్నేసు, ట్యాంకు, కట్టెల గుట్ట అన్నీ సగానికి తగ్గుతాయి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ఇళ్లకు ఇలాంటి మరమ్మతులు చేయించే ఫెడరల్ పథకం అక్కడ 1976 నుంచి ఉంది. పేదవాడి పేరు చెప్పి పొగను సమర్థించేవాళ్లు ఆ పథకానికి నిధులు పెంచమని అడిగితే వాళ్ల వాదనకు బలం వస్తుంది. పైగా ఆ పొగను ముందుగా పీల్చేది కట్టుకున్నవాడి పిల్లలే.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిగా వినిపిస్తుంది: నా స్థలం, నా కట్టె, నా నిప్పు, మధ్యలో మీరెవరు? పొగకు సరిహద్దు రాయి తెలియదన్నదే దీనికి జవాబు. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌ను చూడండి. చలికాలంలో అక్కడ చల్లని గాలి నేలకు అంటుకుని, వెచ్చని గాలి మూతలా పైన నిలుస్తుంది. కట్టెల పొయ్యిలు, ఫర్నేసులు వదిలిన పొగ ఎటూ పోలేక ఊరి మీదే కూర్చుంటుంది. సన్నని ధూళి ప్రమాణాలు అందుకోలేని ప్రాంతంగా ఈపీఏ 2009లో దాన్ని ప్రకటించింది, 2017లో తీవ్రమైన కోవలోకి మార్చింది. 2018లో అక్కడి ఓటర్లు ఇళ్లలో వేడి విషయంలో స్థానిక పాలకమండలి జోక్యం చేసుకోకూడదని తీర్పిచ్చారు. సున్నాకు 40 డిగ్రీలు కిందికి కూడా పడిపోయే ఊళ్లో వేడి అంటే ప్రాణం కాబట్టి వాళ్ల కోపం అర్థమవుతుంది. అయితే ఆ ఓటుతో గాలి బాగుపడలేదు, బాధ్యత రాష్ట్ర ప్రభుత్వం మీదికి మారింది. ఉబ్బసం ఉన్న పిల్లవాడి ఇంటి పక్కన రోజంతా కుమిలే ఫర్నేసు పెట్టడమంటే పొమ్మనకుండా పొగబెట్టడమే. సొంత స్థలం మీద హక్కు ఎంత పవిత్రమైనదో, పక్కింటివాడికి తన కిటికీ తెరుచుకునే హక్కూ అంతే.

పొగ తగ్గిస్తే నిజంగా తేడా వస్తుందా అనడిగేవాళ్లకు రెండు ఊళ్లు జవాబు చెబుతాయి. మోంటానాలోని లిబ్బీలో 2005 నుంచి వెయ్యికి పైగా పాత కట్టెల పొయ్యిలను మార్చారు. చలికాలపు సన్నని ధూళి పావు వంతుకు పైగా తగ్గింది, పిల్లల్లో పిల్లికూతలూ తగ్గాయని తల్లిదండ్రులు చెప్పిన వివరాల్లో తేలింది. ఆస్ట్రేలియా దేశం టాస్మేనియాలోని లాన్సెస్టన్‌లో 2001 నుంచి కట్టెల పొయ్యిల బదులు కరెంటు హీటర్లకు ప్రోత్సాహం ఇచ్చారు. అక్కడ చలికాలపు ధూళి ఘనపు మీటరుకు 44 మైక్రోగ్రాముల నుంచి 27కు దిగింది. మగవాళ్లలో గుండె, శ్వాస జబ్బుల మరణాలు తగ్గాయని 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఇవి ఆరుబయటి ఫర్నేసుల ఊళ్లు కావు, ఇళ్లలోని పొయ్యిలవి. కట్టె పొగ మాత్రం ఏ గొట్టం నుంచి వచ్చినా కట్టె పొగే.

ధ్రువపత్రం ఉన్న కంపెనీ ఫర్నేసు కొంటే సరిపోతుందా అంటే, అదీ పూర్తి జవాబు కాదు. ధ్రువీకరణ పరీక్షల్లో లోపాలున్నాయని నెస్కామ్ 2021లో ఎత్తిచూపింది, 2023లో ఈపీఏ అంతర్గత తనిఖీ విభాగమూ అదే మాట చెప్పింది. ప్రయోగశాలలో పొందికగా పేర్చిన ఎండు కట్టెకు వచ్చిన అంకె, మంచులో తడిసిన దుంగకు రాదు. మన దేశం ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. 1980లలో మొదలై 2002 దాకా నడిచిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమంలో కోట్ల పొయ్యిలు పంచారు, వాటిలో ఎన్నో మూలపడ్డాయి. ఒడిశాలో దాదాపు 2,600 కుటుంబాల మధ్య ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన అధ్యయనంలో పొగగొట్టమున్న కొత్త పొయ్యి మొదటి ఏడాది కొంత మేలు చేసినా, వాడకం, మరమ్మతు తగ్గేకొద్దీ ఆ మేలు మాయమైంది. కాబట్టి చట్టం కాగితాన్ని గాక గొట్టాన్ని చూడాలి. అంటించిన తొలి పావుగంట తర్వాత కూడా కంటికి కనిపించే పొగ వస్తోందా? పక్కిల్లు ఎంత దూరంలో ఉంది? కట్టె ఒక వేసవి ఎండిందా? ఈ మూడు చూడడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. కంపెనీ పెట్టెకూ సొంత పెట్టెకూ ఒకే కొలత పెట్టవచ్చు.

కట్టె మళ్లీ పెరుగుతుంది కదా, భూతాపానికి మంచిదే కదా అన్న వాదన గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చెట్టు పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, మండని వాయువులు ఈ రాత్రే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. ఒకటి మరొకదాన్ని రద్దు చేయదు. ఇక సొంతంగా కట్టేవాళ్లకు తప్పనిసరిగా చెప్పాల్సిన మాట భద్రత గురించి. నీళ్లు ఆవిరైతే 1,600 రెట్లు వ్యాకోచిస్తాయి. ఆవిరి పోయే దారి మూసేసిన ట్యాంకు కింద నిప్పు పెడితే అది బాంబే. పైకి తెరిచి ఉన్న గొట్టం లేకుండా నీళ్ల పెట్టెను ఎవరూ, ఎక్కడా, ఏ కారణంతోనూ కట్టకూడదు. కరెంటు పోయి పంపు ఆగితే నిండుగా ఉన్న నిప్పు గూడు ఏం చేస్తుందో ముందే ఆలోచించుకోవాలి.

మన దగ్గర ఇల్లు వెచ్చబరచాల్సిన అవసరం లేదు గాని, వేడి నీళ్ల అవసరం ఉంది. ఆదిలాబాద్, పాడేరు, లంబసింగి చలిలో ఆశ్రమ పాఠశాలల పిల్లలు తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకోకూడదు. సోలార్ హీటరుకు వీలున్న చోట అదే పెట్టాలి. పొగమంచు రోజుల్లో అది చాలక కట్టెలతోనే కాచాల్సి వస్తే, అధికారులకు నా విన్నపం ఒక్కటే. తక్కువ ధర చెప్పాడని ఇనప పెట్టె చుట్టూ నీళ్ల పెట్టె అతికించేవాడికి పని అప్పగించకండి. మంట తగిలేచోట అగ్గి ఇటుక, రాత్రి కాచిన నీళ్లు తెల్లారేదాకా చల్లారకుండా నిలిచే ట్యాంకు, ఆవిరి పోయే తెరిచిన గొట్టం, వానకు తడవని కట్టెల పాక, ఈ నాలుగూ టెండరు కాగితంలోనే రాయించండి. వార్డెన్ రోజూ పొగగొట్టం వంక చూసి, దట్టంగా పొగ కనిపిస్తే ఆ పూటే ఫోన్ చేయాల్సిన నంబరు కూడా ఆ కాగితంలో ఉండాలి.